మొదటి ఏడాది కాలేజీ: విజయవాడ, గుంటూరుల్లో కొత్తగా చేరినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టియర్‌కి లెక్కలు చెబుతాను. క్లాసులు మొదలయ్యాయంటే చాలు, ఏటా అవే ప్రశ్నలు. స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర కొన్ని, కారిడార్లో కొన్ని, రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో కొన్ని. కొందరు అసలు ప్రశ్న అడగడానికి మొహమాటపడి, "మేడమ్, రేపు క్లాసుందా?" అని ఏదో ఒకటి అడిగి వెళ్లిపోతారు. ఆ అడగనివి కూడా ఇక్కడ పెట్టాను. నాకు తెలిసింది ఇంజినీరింగ్ కాబట్టి దాని గురించే ఎక్కువ ఉంటుంది. డిగ్రీ, పీజీ పిల్లలు తమకు పనికొచ్చేవి ఏరుకోండి.

ఇంటర్లో రోజుకు పద్నాలుగు గంటలు చదివాను. ఇక్కడికొచ్చాక పుస్తకం ముట్టుకోబుద్ధి కావడం లేదు. నాకేమైంది?

ఏమీ కాలేదు. రెండేళ్లపాటు ఐదింటికి లేపడానికి ఒకరు, స్టడీ అవర్లో కునుకు తీస్తే భుజం తట్టడానికి ఒకరు, ఆదివారం పరీక్ష మార్కులు సోమవారానికల్లా ఇంటికి మెసేజ్ పెట్టడానికి ఒకరు ఉన్నారు. "ఈ రెండేళ్లు కష్టపడితే చాలు, తర్వాత అంతా ఫ్రీ" అని కూడా వాళ్లే చెప్పారు. ఇప్పుడు లేపేవాళ్లు లేరు. మీకు చదవడం వచ్చు, కానీ ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరు చదవడానికి కూర్చోవడం ఎప్పుడూ చేయలేదు. దానికి కొన్ని వారాలు పడుతుంది.

మళ్లీ పద్నాలుగు గంటల టైమ్‌టేబుల్ గీసి గోడకి అంటించకండి. అది మూడో రోజు ఊడిపోతుంది. ఆ రోజు క్లాసులో జరిగింది ఆ రోజే ఒక గంట తిరగేయండి, అదీ మంచం మీద కాదు, రీడింగ్ రూమ్‌లో. నా సబ్జెక్టులో ఏటా ఒకే ముచ్చట. మాట్రిక్సులు ఇంటర్లో చేసినవేలే అని మొదటి రెండు వారాలు వెనక బెంచీలో సెల్ చూసుకుంటారు. ఆ తర్వాత ఐగెన్ వాల్యూలు మొదలవుతాయి. అప్పుడు తలెత్తి చూస్తే బోర్డు మీద ఉన్నది ఏ భాషో అర్థం కాదు. తప్పేవాళ్లలో మంచి ర్యాంకులతో వచ్చినవాళ్లు తక్కువేం కాదు.

అటెండెన్స్ నిజంగానే అంత ముఖ్యమా? సీనియర్లు "ఏం కాదు, చివర్లో కలుపుతారు" అంటున్నారు.

జేఎన్‌టీయూ కాకినాడ అనుబంధ కాలేజీల్లో మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే, సరైన కారణం చూపి ఫీజు కడితే కండొనేషన్, అంటే మినహాయింపు, ఇవ్వొచ్చు. 65 కంటే తగ్గితే డిటైన్. అంటే పరీక్ష రాయనివ్వరు, ఆ సెమిస్టర్ జూనియర్లతో కలిసి మళ్లీ చదవాలి. అటానమస్ కాలేజీలకూ ప్రైవేటు యూనివర్సిటీలకూ సొంత నిబంధనలుంటాయి. మీ కాలేజీ రెగ్యులేషన్స్ పుస్తకంలో ఆ ఒక్క పేజీ చదవండి. సీనియర్ మాట నమ్మి ఊరుకోవద్దు, నా మాట కూడా నమ్మి ఊరుకోవద్దు.

లెక్క చెప్పడం నా వృత్తి కాబట్టి చెబుతున్నాను. రోజుకు ఏడు పీరియడ్లు, వారానికి ఆరు రోజులు, పదహారు వారాలు. మొత్తం 672 పీరియడ్లు. అందులో పావు వంతు 168, అంటే సరిగ్గా 24 రోజులు. వినడానికి చాలానే ఉన్నాయనిపిస్తుంది. ఇప్పుడు ఖర్చు చూడండి. వారం విడిచి వారం శనివారం ఎగ్గొట్టి ఊరెళితే ఎనిమిది రోజులు. దసరాకు రెండు రోజుల ముందే బయల్దేరి, రెండు రోజులు ఆలస్యంగా వస్తే నాలుగు. క్లాసంతా కలిసి ఎగ్గొట్టే మాస్ బంకులు మూడు. పదిహేను అయిపోయాయి. ఇంకా జ్వరం రాలేదు. వర్షాకాలంలో ఒక్క టైఫాయిడ్ వచ్చిందా, మిగతా తొమ్మిదీ మంచం మీదే పోతాయి. అందుకే ఆరోగ్యం బాగున్నప్పుడు మానొద్దు అంటాను. జబ్బు చేసినప్పుడు మాత్రం డాక్టర్ చీటీ, టెస్టు రిపోర్టులు ఆ వారంలోనే ఆఫీసులో ఇచ్చేయండి. సెమిస్టర్ చివర్లో తెచ్చిన మెడికల్ సర్టిఫికెట్‌ని ఎవరూ గౌరవంగా చూడరు. అది ఎక్కడ దొరుకుతుందో మాకూ తెలుసు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఈ 75 శాతంతోనే ముడిపడి ఉంటుంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది, డబ్బు తల్లి ఖాతాలో పడాలా కాలేజీ ఖాతాలో పడాలా అన్నదీ మారింది. హాజరు షరతు మాత్రం మారలేదు.

మిడ్‌లో తక్కువొచ్చాయి. ఇక అయిపోయినట్టేనా?

కాలేదు. జేఎన్‌టీయూ కాకినాడ పద్ధతిలో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ 30, సెమిస్టర్ పరీక్ష 70. సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు మిడ్ పరీక్షల్లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ ఇస్తారు. కాబట్టి మొదటి మిడ్ పోయినా రెండోది గట్టిగా రాస్తే చాలావరకు పూడుతుంది. పాసవ్వాలంటే సెమిస్టర్ పరీక్షలో 35 శాతం, రెండూ కలిపి 40 శాతం రావాలి. ఇంటర్నల్స్‌లో 25 తెచ్చుకుని, సెమిస్టర్ పరీక్షలో 22 దగ్గర ఆగిపోయి ఏడ్చినవాళ్లున్నారు. మొత్తం 47 వచ్చినా తప్పినట్టే.

సప్లీ పడితే (సబ్జెక్టు తప్పి మళ్లీ రాయాల్సి వస్తే) ఇంట్లో ఎలా చెప్పాలి?

నేనెలా చెప్పానో చెబుతాను. ఫస్టియర్లో నాకు ఇంజినీరింగ్ డ్రాయింగ్ పోయింది. ఎందుకు పోయిందంటే, మా హాస్టల్లో జీటీ కొట్టేవాళ్లం. జీటీ అంటే గ్లాస్ ట్రేసింగ్. కిటికీ అద్దం ఊడదీసి రెండు బకెట్ల మీద అడ్డంగా పెట్టి, కింద బల్బు వెలిగించి, సీనియర్ గీసిన షీటు మీద మన షీటు పరిచి గీతలు దించేయడమే. రాత్రి రెండింటికల్లా ఐదు షీట్లు తయారు. ఇంటర్నల్ మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. పరీక్ష హాల్లో తెల్ల షీటు కింద అద్దమూ లేదు, బల్బూ లేదు. ఐసోమెట్రిక్‌లో మొదటి గీత ఏ కోణంలో వెయ్యాలో తెలియక మినీ డ్రాఫ్టర్ అటూ ఇటూ జరుపుతూ గంటసేపు కూర్చున్నాను.

ఫలితాలొచ్చాక నాన్నకు ఫోన్ చేయడానికి నాలుగు రోజులు పట్టింది. చేశాక ఆయన అడిగిందల్లా "మళ్లీ ఎప్పుడు రాయాలి, ఎంత కట్టాలి?" అనే. అందరి నాన్నలూ ఇలా ఉండరు, తెలుసు. అయినా ఫలితాలొచ్చిన రోజే చెప్పేయండి. సప్లీ పడిందని కంటే, ఆరు నెలలు దాచారని తెలిసినప్పుడే ఇంట్లో గొడవలు పెద్దవవడం చూశాను.

పదో తరగతి వరకు తెలుగు మీడియం. క్లాసులో సగం అర్థం కావడం లేదు. అడగాలంటే సిగ్గు.

పల్నాడు పల్లెటూళ్లో నేనూ తెలుగు మీడియమే. మొదటి కెమిస్ట్రీ ల్యాబ్‌లో సార్ "ప్రెసిపిటేట్ ఏ రంగు?" అన్నారు. బిక్కమొహం వేశాను. పరీక్షనాళిక అడుగున తెల్లటి అవక్షేపం కళ్లెదుటే ఉంది. దాన్ని అవక్షేపం అంటారని తెలుసు, ఎందుకు ఏర్పడిందో సమీకరణంతో సహా తెలుసు. ఆ ఇంగ్లిష్ ముక్క ఒక్కటే తెలియదు.

ఆ రాత్రే నోట్‌బుక్కు పేజీని రెండుగా మడిచి రాయడం మొదలుపెట్టాను. ఎడమవైపు అవక్షేపం, వక్రీభవనం, కేశనాళికీయత, అవకలనం, సమాకలనం. కుడివైపు ప్రెసిపిటేట్, రిఫ్రాక్షన్, క్యాపిలారిటీ, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్. దీపావళి నాటికి ఏడెనిమిది పేజీలైంది. ఆ తర్వాత పెద్దగా రాయాల్సిన అవసరం రాలేదు. మీకు రానిది సబ్జెక్టు కాదు, రెండు మూడు వందల మాటలు. అవి నేర్చుకోవడానికి స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్ అక్కర్లేదు. డౌట్ తెలుగులోనే అడగండి. మాలో చాలామంది క్లాసులో సగం తెలుగులోనే చెబుతాం, తెలుగులో అడిగితే తప్పు పడతామా? పరీక్ష మాత్రం ఇంగ్లిష్‌లోనే రాయాలి కాబట్టి, ప్రతి యూనిట్‌లో రెండు జవాబులు చూడకుండా రాసి ఎవరికైనా చూపించండి.

సీనియర్లు "ఇంట్రో ఇవ్వు" అంటున్నారు. ఇది ర్యాగింగేనా?

పేరు, ఊరు అడిగి "మెస్‌లో పెరుగు త్వరగా అయిపోతుంది, ముందెళ్లు" అని చెబితే అది పరిచయం. తల దించుకుని చొక్కా మూడో గుండీ చూస్తూ మాట్లాడమంటే, రాత్రి రూముకు రమ్మంటే, రికార్డులు రాసిపెట్టమంటే, మీ డబ్బుతో బిర్యానీ తెప్పించుకుంటే అది ర్యాగింగ్. "సరదాకే" అన్న మాట వినిపించిందంటే అనుమానించండి.

మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి ఉంది. జైలు శిక్ష ఉంది, కాలేజీ నుంచి పంపేయడమూ ఉంది. యూజీసీ 2009లో దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. చేరేటప్పుడు మీరూ మీ అమ్మానాన్నా ఇచ్చే అఫిడవిట్ అందులోదే. హెల్ప్‌లైన్ 1800-180-5522, రోజంతా పనిచేస్తుంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. ముందు మాకు చెప్పండి అంటాను, కానీ మాకు చెప్పడానికి భయమైతే నేరుగా అక్కడికే చెప్పండి. మేం నొచ్చుకోం. నొచ్చుకునేవాళ్లుంటే నొచ్చుకోనివ్వండి.

"మీరేవిట్లు?" అని కులం అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ఈ ప్రశ్న నాతో ఎవరూ నేరుగా అడగరు, చుట్టూ తిప్పి అడుగుతారు. మన వైపు కొత్తవాడి ఊరు, ఇంటిపేరు, చివరికి కులం, ఈ వరుసలో ఆరా తీయడం ఇంకా పోలేదు. మొదటి నెలలోనే ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో కలుపుతారు, "మనవాళ్లే అంతా" అంటారు. చెప్పాలని లేకపోతే చెప్పకండి. "ఎందుకురా, సంబంధం చూస్తావా?" అని నవ్వేసిన పిల్లాణ్ని ఒకణ్ని చూశాను, ఆ తర్వాత వాణ్ని ఎవరూ అడగలేదు. ఆ గ్రూపుల్లో చేరితే భోజనాలూ ఫ్లెక్సీలూ బాగానే ఉంటాయి. మిగతా క్లాసుతో మాటలు తగ్గిపోతాయి. వెళ్లొద్దని చెప్పే హక్కు నాకు లేదు గానీ, వెళ్లడం నాకిష్టం లేదు. కులం పేరుతో ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే అది వేరే సంగతి. తేదీ, మాట, విన్నవాళ్ల పేర్లు రాసిపెట్టుకుని ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

హాస్టలా, బయట రూమా?

మొదటి ఏడాది హాస్టలే. తిండి బాగోకపోయినా, నీళ్లు రాకపోయినా, పక్కన మనిషుంటాడు. బయట తీసుకోక తప్పకపోతే, చూడటానికి మధ్యాహ్నం వెళ్లకండి. ఉదయం ఏడింటికి వెళ్లండి. బాత్‌రూమ్ దగ్గర ఎంతమంది బకెట్లు పట్టుకుని నిలబడ్డారో కనపడుతుంది. విజయవాడలో గ్రౌండ్ ఫ్లోర్ తీసుకుంటుంటే "2024లో ఇక్కడికి నీళ్లు వచ్చాయా?" అని ఇంటివాళ్లని కాదు, పక్క కిరాణా కొట్టులో అడగండి. ఆ సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగిపోయింది. రోజుల తరబడి పడవల మీద పాలు, మంచినీళ్లు పంచారు.

గుంటూరులో అయితే బ్రాడీపేట, అరండల్‌పేట అడ్రసు చదవడం ముందు నేర్చుకోండి. 4/14 అంటే డోర్ నంబరు కాదు, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఏటా ఎవరో ఒక నాన్నగారు పరుపు నెత్తిన పెట్టుకుని 4/14 నంబరు ఇంటి కోసం వీధంతా తిరుగుతుంటారు.

మెస్ తిండి తినలేకపోతున్నాను.

ఎవరూ తినలేరు, అందరూ తింటారు. ఇంటి నుంచి ఆవకాయ, గోంగూర పచ్చడి చిన్న చిన్న సీసాల్లో తెచ్చుకోండి. పెద్ద సీసా తెస్తే మూత తీసిన రోజే బ్లాకంతా వాసన పట్టి వస్తారు, పది రోజులు మిగలదు. బయట ఉండేవాళ్లకు కర్రీ పాయింట్లే దిక్కు. అన్నం మీరే వండుకుని కూర, పప్పు, రసం కొనుక్కుంటే సగం ఖర్చుతో పోతుంది. సాయంత్రం ఏడు దాటాక వెళితే మధ్యాహ్నం కూరే వేడి చేసి ఇస్తున్నారేమో చూసుకోండి. వానాకాలంలో నీళ్ల దగ్గర జాగ్రత్త. కళ్లు పచ్చబడితే పసరు మందు కోసం పరిగెత్తకుండా రక్తపరీక్ష చేయించుకోండి.

ఇంటి మీద బెంగగా ఉంది. రాత్రిళ్లు ఏడుపొస్తోంది. అబ్బాయిని, ఎవరికి చెప్పుకోను?

ఇది అడిగిన పిల్లాడు రికార్డు మీద సంతకం కోసం వచ్చి, సంతకం అయ్యాక కూడా కదల్లేదు. బెంగ మొదటి రోజు రాదు. మొదటి వారమంతా కొత్త. మూడో వారం వస్తుంది, సాధారణంగా ఆదివారం సాయంత్రం. అబ్బాయిలకూ వస్తుంది, కాకపోతే వాళ్లు దాన్ని తలనొప్పి అంటారు.

తెనాలి, నరసరావుపేట, గుడివాడ, ఒంగోలు... మన పిల్లల్లో చాలామందికి ఇల్లు మూడు గంటల లోపు బస్సు ప్రయాణమే. అదే చిక్కు. ప్రతి శనివారం వెళ్లిపోయేవాళ్లకు హాస్టల్ ఎప్పటికీ అలవాటు కాదు, ఆదివారం రాత్రి తిరిగొచ్చేసరికి మళ్లీ మొదటి రోజే. మొదటి నెలలో కనీసం రెండు ఆదివారాలు ఉండిపోండి. మెస్‌లో రోజూ ఒకే చోట కూర్చోండి. ఎదురుగా కూర్చునేవాడు వారానికల్లా పేరు అడుగుతాడు.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం రెండు వారాలు దాటితే, లేదా బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారైనా వస్తే, ఆ రోజే ఎవరో ఒకరికి చెప్పండి. రూమ్‌మేట్, వార్డెన్, నేను, ఎవరైనా సరే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీ రూమ్‌మేట్ అలాంటి మాట అంటే "ఊరుకో రా" అనకుండా పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి.

మా అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదండీ. చెడిపోతుందేమోనని భయంగా ఉంది. (ఒక అమ్మగారు)

అమ్మా, నిన్న ఆ పిల్ల రోజంతా వర్క్‌షాపులో ఆకురాయి పట్టి ఇనుప ముక్క అరగదీసింది. సాయంత్రం నిద్రపోయింది. రోజుకు ఆరుసార్లు చేయకండి. ఒక టైము అనుకుని ఒకసారి చేయండి. "తిన్నావా, చదివావా" రెండూ అడిగేశాక, ఇంట్లో గేదె ఈనిందో, పక్కింటివాళ్లు ఏమన్నారో చెప్పండి. వాళ్లకు కావాల్సింది అదే. రెండు రోజులు పూర్తిగా పలకకపోతే మాత్రం మొహమాటపడకుండా వార్డెన్‌కు చేయండి.

నెల తిరక్కుండానే డబ్బులు అయిపోతున్నాయి.

ఫోన్‌పేలో నెల ఖర్చంతా ఒకసారి చూసుకోండి. పెద్ద ఖర్చులు ఉండవు. ఇరవైలు, ముప్ఫైలు, నలభైలు, పేజీల కొద్దీ ఉంటాయి. ఖర్చు డబ్బు ఒకేసారి కాకుండా వారం వారం వేయమని ఇంట్లో చెప్పండి, అంతకంటే నాకు ఉపాయం తెలియదు. క్రికెట్ బెట్టింగ్ యాప్‌ల జోలికీ, నిమిషంలో లోన్ ఇస్తామనే యాప్‌ల జోలికీ వెళ్లొద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. అయినా పరీక్ష ఫీజు అందులో పోగొట్టుకుని వచ్చి, పర్సు పోయిందని చెప్పే పిల్లలు ఏటా ఒకరిద్దరుంటారు. ఇప్పటికే ఇరుక్కుంటే, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసేలోపే చెప్పండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఇచ్చేయాలా?

చూసి, సరిపోల్చుకుని తిరిగి ఇవ్వాలని, తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. టీసీ సంగతి వేరు, అది కాలేజీకే వెళుతుంది. ఇచ్చే ముందు అన్నీ స్కాన్ చేసి డిజిలాకర్లోనో మెయిల్లోనో పెట్టుకోండి. ఏదైనా వాళ్ల దగ్గర ఉంచుకుంటే రసీదు అడగండి.

ఇంటి నుంచి రోజూ తిరగొచ్చా?

గంట లోపు ప్రయాణమైతే తిరగొచ్చు. విజయవాడ, గుంటూరు మధ్య రైలుకు సీజన్ టికెట్ చవక. కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు, పెదకాకానిల్లో ప్యాసింజర్ రైళ్లు ఆగుతాయి, నాగార్జున యూనివర్సిటీకి వెళ్లేవాళ్లకు నంబూరు దగ్గర. ఆర్టీసీ స్టూడెంట్ పాస్‌కు కాలేజీ ధ్రువీకరణ కావాలి. అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ దగ్గరుంచుకోండి. హైవే దాటేటప్పుడు అవతల బస్సు కనిపించిందని పరిగెత్తకండి. ఇంకో బస్సు వస్తుంది. దసరా తొమ్మిది రోజులు, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజు, దుర్గ గుడి వైపు బస్సులు దారి మళ్లిస్తారు. ఆ రోజు పరీక్ష ఉంటే గంటన్నర ముందు బయల్దేరండి.

కోరుకున్న బ్రాంచి రాలేదు. జీవితం పోయినట్టేనా?

లేదు. ఫస్టియర్లో చాలా సబ్జెక్టులు అందరికీ ఒకటే. రెండో ఏడాది చివర్లో మళ్లీ అడగండి.

ల్యాప్‌టాప్ వెంటనే కొనాలా?

అక్కర్లేదు. సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో సిస్టమ్స్ ఉంటాయి. అప్పు చేసి మాత్రం కొనొద్దు.

ఆదివారం ఏం చేయాలి? మాల్‌కు వెళ్లి వెళ్లి విసుగొచ్చింది.

విజయవాడలో ఉంటే పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద నడవండి. 1957లో కట్టింది, అవతలి గట్టు దిగితే ఉండవల్లి గుహలు. కొండను తొలిచి నాలుగంతస్తులు చేశారు, లోపల పవళించిన అనంతపద్మనాభస్వామి ఎంత పొడవున్నాడో ఫోన్ కెమెరాలో పట్టదు. గుంటూరులో ఉంటే అమరావతి స్తూపం, మ్యూజియం ఒక పూట పని. జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. డబ్బుల్లేకపోయినా వెళ్లండి, చదివి పెట్టేసి రావచ్చు. సాయంత్రం బీసెంట్ రోడ్డులో ఏమీ కొనకుండా ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి, పునుగుల బండి దగ్గర ఆగండి. మొదటి వాయి కోసం ఎగబడకండి, రెండో వాయికి నూనె సరిగ్గా కాగుతుంది. అల్లం పచ్చడి ఇంకోసారి అడిగితే విసుక్కోకుండా వేస్తారు.